బుద్ధుడు ఆ మాట తిట్టినవాడికి చెప్పాడు

తెల్లారి లేచి పాలు పొయ్యి మీద పెట్టేలోపే ఫోన్లో బుద్ధుడు వచ్చి కూర్చుంటున్నాడు. వెనక సూర్యోదయం, ముందు తామరపువ్వు, అరమోడ్పు కళ్ళు, కింద ఒక సూక్తి. కోపం వద్దు, ఓర్చుకో, క్షమించు, మౌనమే మేలు. వీటిలో కొన్ని ఏ బౌద్ధగ్రంథంలో వెతికినా కనిపించవు, సరే, అది వేరే సంగతి. నా బాధ అది కాదు. ఈ సూక్తులు ఎవరు ఎవరికి పంపుతున్నారో ఎప్పుడైనా గమనించారా?

అత్తగారు కోడలికి పంపుతుంది. ఆడపడుచు వదినకి పంపుతుంది. మొగుడితో గొడవపడి ఏడుస్తున్న కూతురికి పుట్టింటివాళ్ళు పంపుతారు. అంతేగానీ కోడలు అత్తగారికి "సహనం అలవరచుకోండి" అని పంపగా నేను ఇంతవరకూ చూడలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని కంచం విసిరికొట్టిన మగవాడికి తామరపువ్వు బొమ్మ ఎవరైనా పంపారా? మీకు తెలిస్తే చెప్పండి, నాకైతే తెలియదు.

మన ఇళ్ళల్లో శాంతం, కరుణ, అహింస అనే మాటలు ఎప్పుడూ పైనుంచి కిందికే పారతాయి. కొట్టేవాడి దగ్గర ఆగవు, నేరుగా దెబ్బలు తినేదాని దగ్గరికి వచ్చేస్తాయి. ఇది బుద్ధుడి బోధ కాదు. బుద్ధుడి బొమ్మ అడ్డం పెట్టుకుని చేసే దబాయింపు. ఇవాళ దీని మీదే రాయాలని కూర్చున్నాను.

అందరికీ తెలిసిన కథతోనే మొదలుపెడతాను. ఒకాయన బుద్ధుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. బుద్ధుడు చిరునవ్వుతో "నువ్విచ్చిన కానుక నేను తీసుకోకపోతే అది ఎవరిది?" అన్నాడు. "నాదే" అన్నాడాయన. "అలాగే నీ తిట్లు నేను తీసుకోలేదు, అవి నీవే" అన్నాడు బుద్ధుడు. ఈ కథ వినని తెలుగింటి కోడలు ఉండదేమో. నీతి ఏమిటంటే, ఎవరు ఎన్ని తిట్టినా నువ్వు తీసుకోకు, నవ్వుతూ ఉండు.

కానీ అసలు కథ చదవండి. సంయుత్త నికాయంలో ఉంది. రాజగృహంలో భారద్వాజుడనే బ్రాహ్మణుడికి తన గోత్రంవాడొకడు వెళ్ళి బుద్ధుడి దగ్గర సన్యసించాడని కోపం వచ్చింది. వేణువనానికి వచ్చి తిట్టాడు. అప్పుడు బుద్ధుడు ఆయన్ని అడిగాడు: "మీ ఇంటికి చుట్టాలూ స్నేహితులూ వస్తారా? వాళ్ళకి భోజనం పెడతావా? వాళ్ళు తినకపోతే అది ఎవరిది?" అని. అంటే ఈ మాటలన్నీ బుద్ధుడు ఎవరితో అన్నాడు? తిట్టినవాడితో! ఎదురుగా నిలబెట్టి, నీ విషం నీకే మిగులుతుందని మొహం మీద చెప్పాడు. తిట్లు తిన్న శిష్యురాలినెవరినో పిలిచి "తల్లీ, నువ్వు తీసుకోకమ్మా" అనలేదు. చివరికి ఆ భారద్వాజుడే మారి భిక్షువయ్యాడు. మారాల్సినవాడు మారాడు. మనం ఈ కథని తిరగేసి, మారాల్సినవాణ్ణి వదిలేసి, తిట్లు పడ్డదానికి అప్పజెప్పాం.

ఇంకో తేడా కూడా ఉంది. బుద్ధుడు ఆ భారద్వాజుడి ఇంట్లో ఉండటం లేదు. ఆయన పెడితే తినే పరిస్థితి కాదు. తిట్లు అక్కడే వదిలేసి భిక్షాపాత్ర పట్టుకుని మరో వీధికి వెళ్ళగలడు. రాత్రికి అదే గదిలో, అదే మనిషి పక్కన పడుకోవాల్సిన దానికి ఆ వెసులుబాటు ఎక్కడిది? "తీసుకోకు" అని చెప్పేవాళ్ళు ముందు ఆ మనిషికి వెళ్ళిపోయే దారి చూపించారా?

రెండేళ్ళ కిందట మా దూరపు బంధువులమ్మాయి దవడ వాచి పుట్టింటికి వచ్చేసింది. చుట్టాలం ఓ పదిమందిమి చేరాం. కాఫీలయ్యాయి. వరసకి నాకు బాబాయి అయ్యే ఒకాయన, రిటైరయ్యాక ధ్యానం క్లాసులకి వెళ్తున్నాడు, గొంతు సవరించుకుని ఈ కానుక కథే మొదలుపెట్టాడు. ఆ పిల్ల తలవంచుకుని వింటోంది. మాట్లాడాలంటే దవడ నొప్పి, ఏం మాట్లాడుతుంది?

నేనన్నాను, "బాబాయిగారూ, ఆ కథ బుద్ధుడు తిట్టించుకున్నవాళ్ళకి చెప్పలేదండీ, తిట్టినవాడికి చెప్పాడు. అల్లుడిగారి నంబరు ఉందిగా, ఫోన్ చేసి ఆయనకి చెప్పండి. మేమంతా వింటాం."

ఆయన ఫోన్ తియ్యలేదు. "బీఏ తెలుగు చదివిందిగా, మాటలకేం కొదవ" అన్నాడు. అందరూ నవ్వారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. ఆ నవ్వుకి ఆ పిల్ల లేచి లోపలికి వెళ్ళిపోయింది. సంగతి ఏమిటంటే, అల్లుడికి చెప్పడానికి ఆ గదిలో ఒక్కరికీ ధైర్యం లేదు. ధైర్యం లేనప్పుడు సలహా కిందికి జారుతుంది. బలహీనంగా ఉన్నవాళ్ళ ఒళ్ళో పడుతుంది. దానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు "శాంతం". మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అన్నారు మన పెద్దలు. మొత్తేవాడికి బుద్ధి చెప్పకుండా, ఉన్నదాన్నే ఇంకా మెత్తబడమని చెప్పడం ఏం న్యాయం?

ఆ పిల్ల వెనక్కి వెళ్ళలేదు. ట్యూషన్లు చెప్పుకుంటోంది. అల్లుడు ఇప్పటికీ "నేనేం చేశాను" అనే అంటున్నాడట.

ఈ వాదనకి ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "నాలగిరి ఏనుగునే బుద్ధుడు ప్రేమతో లొంగదీశాడు, మొగుణ్ణి లొంగదీసుకోలేవా?" అంటారు. కల్లు తాగించి దేవదత్తుడు బుద్ధుడి మీదికి వదిలిన ఏనుగు అది. ఈ కథ మనకి పరాయిది కూడా కాదు. మన అమరావతి శిల్పులు దీన్ని ఒక గుండ్రని ఫలకం మీద చెక్కారు. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. ఒకపక్క ఏనుగు వీధినపడి విరుచుకుపడుతుంటుంది, జనం హడలిపోతుంటారు. ఇంకోపక్క అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర వంగి ఉంటుంది.

ఆ రోజు ఏనుగుకి ఎదురు నిలబడింది ఎవరు? బుద్ధుడు. ఆనందుడు ప్రేమకొద్దీ గురువుకి అడ్డం వెళ్ళి నిలబడితే, తప్పుకోమని పక్కకి పంపించాడని జాతక కథ చెబుతుంది. అంటే తనకా శక్తి ఉంది కాబట్టి తాను నిలబడ్డాడు. తన శిష్యుణ్ణి కూడా ఆ ఏనుగు ముందు నిలబడనివ్వలేదు. మరి తాగొచ్చి తలుపు తన్నే మనిషి ముందు ఇరవయ్యేళ్ళ ఆడపిల్లని నిలబెట్టి "మైత్రితో గెలువు తల్లీ" అంటున్న మనం ఏ బుద్ధుడికి శిష్యులం? నిజంగా ఆ కథ మీద అంత నమ్మకం ఉంటే, చెప్పేవాళ్ళే వెళ్ళి ఆ గుమ్మంలో నిలబడాలి.

నేనేదో ఒకటి రెండు కుటుంబాలు చూసి రాస్తున్నానని అనుకోకండి. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ళని అడిగారు: చెప్పకుండా బయటికి వెళ్తే, ఇల్లూ పిల్లల్నీ సరిగ్గా చూసుకోకపోతే, ఎదురు చెప్తే, వంట సరిగ్గా చెయ్యకపోతే, అత్తమామల్ని గౌరవించకపోతే, ఇలాంటి కారణాలకి భర్త కొట్టడం సబబేనా అని. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి 80 మందికి పైగా ఆడవాళ్ళు వీటిలో ఏదో ఒక కారణానికి కొట్టొచ్చు అన్నారు. దేశం మొత్తం మీద చూస్తే అలా అన్నవాళ్ళు సగానికి తక్కువే. మనం మాత్రం ముందు వరసలో ఉన్నాం! ఇంత చదువుకున్నాం, పిల్లల్ని అమెరికా పంపించాం, చివరికి ఇదీ మన లెక్క.

ఈ లెక్క వెనక ఉన్నది దుర్మార్గం కాదు, పాఠం. "కొట్టినా తిట్టినా మొగుడే", "సంసారం గుట్టు, రోగం రట్టు" అని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాం. ఆ పాత సామెతలు చెప్పడం ఇప్పుడు కొంచెం మోటుగా ఉంది కాబట్టి వాటి స్థానంలో బుద్ధుడి సూక్తులు వచ్చాయి. సీసా మారింది, మందు అదే.

మరి సంసారుల గురించి బుద్ధుడు ఏమీ చెప్పలేదా? బాగా చెప్పాడు. మనకి ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు, అంతే. దీఘ నికాయంలో సిగాలోవాద సుత్తం ఉంది. సిగాలుడనే గృహస్థు కొడుకు పొద్దున్నే తడిబట్టలతో ఆరు దిక్కులకీ దండాలు పెడుతుంటాడు, చనిపోతూ తండ్రి చెప్పాడని. బుద్ధుడు ఆ ఆరు దిక్కులకీ మనుషుల్ని చూపించాడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాపిల్లలు, ఉత్తరం స్నేహితులు, కింద పనివాళ్ళు, పైన శ్రమణులూ బ్రాహ్మణులూ. దండం పెట్టాలనుంటే వీళ్ళ పట్ల నీ విధులు నిర్వర్తించు, అదే దండం అన్నాడు.

భార్య పట్ల భర్త విధులు అయిదు చెప్పాడు. ఆమెని గౌరవించాలి. కించపరచకూడదు. పరస్త్రీ జోలికి వెళ్ళకూడదు. ఇంటి అధికారం ఆమెకి అప్పగించాలి. నగా నట్రా పెట్టాలి. భార్యకీ అయిదు చెప్పాడు: పనులు చక్కగా అమర్చుకోవడం, ఇంటి మనుషుల్ని ఆదరించడం, నమ్మకంగా ఉండటం, సంపాదించింది కాపాడటం, నేర్పుగా, బద్ధకం లేకుండా ఉండటం. ఈ రెండో జాబితా రెండుసార్లు చదవండి. అందులో "ఓర్చుకోవాలి" లేదు. "ఎదురు చెప్పకూడదు" లేదు. "కొడితే పడాలి" అంతకన్నా లేదు. భర్త జాబితాలో మాత్రం "కించపరచకూడదు" అని ఉంది. దగ్గర దగ్గర ఇరవై అయిదు వందల ఏళ్ళ కిందటి మాట. ఒక్కటంటే ఒక్క పెళ్ళిలో పురోహితుడో పెద్దమనిషో పెళ్ళికొడుకుని కూర్చోబెట్టి ఈ అయిదూ చదివి వినిపించాడా?

ఇక ఇంకో ప్రశ్న. అహింసకి మూలం సహానుభూతి అంటాం, అంటే ఎదుటివాడి నొప్పి మన నొప్పిగా తెలియడం. అది ఎక్కణ్ణుంచి పుడుతుంది? తనని తాను చంపుకోవడంలోంచి పుడుతుందని మనకి నేర్పారు. ఉదానంలో ఒక కథ దీనికి పూర్తిగా ఎదురు చెబుతుంది. కోసల రాజు ప్రసేనజిత్తు ఒకరోజు రాణి మల్లికని అడిగాడు, "నీకు నీకంటే ప్రియమైనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని. "మీరే" అంటుందని ఎదురు చూసి ఉంటాడు పాపం. ఏ సినిమాలోనైనా హీరోయిన్ అదే అంటుంది. మల్లిక మాత్రం "లేరు మహారాజా, నాకు నేనే ప్రియం. మరి మీకు?" అంది. ఆలోచిస్తే ఆయనకీ అంతే. ఇద్దరి మధ్యా జరిగిన ఈ మాట రాజు వెళ్ళి బుద్ధుడికి చెప్పాడు.

బుద్ధుడు మల్లికని తప్పు పట్టలేదు. స్వార్థపరురాలివన్లేదు, పతిభక్తి లేదన్లేదు. అవును, ఎవరికి వారే ప్రియం, అవతలివాళ్ళకీ అలాగే వాళ్ళ ప్రాణం వాళ్ళకి ప్రియం, కాబట్టి తనని తాను ప్రేమించుకునేవాడు ఇంకొకరిని హింసించకూడదు అన్నాడు. ఎంత సూటి తర్కం! నా నొప్పి నాకు నొప్పి అని ఒప్పుకుంటేనే, నీ నొప్పి నీకు నొప్పి అని నాకు తెలుస్తుంది. మైత్రీభావన సాధన చేసేవాళ్ళని కూడా ముందు "నేను సుఖంగా ఉండాలి" అనే మొదలుపెట్టమని బుద్ధఘోషుడి విశుద్ధిమగ్గంలో ఉంది. అలాంటిది, నీ నొప్పిని లెక్కచెయ్యకు అని కూతురికి నేర్పితే మనం నేర్పేది కరుణ కాదు, మొద్దుబారడం. మొద్దుబారిన మనిషి ఇంకొకరి నొప్పిని ఎలా పోల్చుకుంటుంది? నూటికి ఎనభై మంది "కొట్టొచ్చు" అన్నది అందుకే.

ఇప్పుడు ఎదురుపక్షం దగ్గరున్న గట్టి ఆయుధం నేనే బయటపెడతాను, దాచడం నాకిష్టం లేదు. అంగుత్తర నికాయంలో అనాథపిండికుడి కోడలు సుజాతకి చెప్పిన బోధ ఒకటుంది. భార్యల్లో ఏడు రకాలు చెప్పి, కొట్టినా కోపం తెచ్చుకోని "దాసి లాంటి భార్య"ని మంచివాళ్ళ వరసలో చేర్చింది ఆ సుత్తం. సుజాత తాను ఆ రకమే అవుతానని ఒప్పుకుంటుంది. చదివినప్పుడు నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు. భిక్షుణులకి పెట్టిన ఎనిమిది కఠిన నియమాలూ అంతే. ఆ కాలం, ఆ సమాజం ఆ గ్రంథాల్లో ఉన్నాయి.

అయితే ఏం చెయ్యాలి? దానికి దారి కూడా అదే నికాయంలో ఉంది. కాలాములతో బుద్ధుడు అన్నాడు: గ్రంథంలో ఉందని నమ్మకండి, పరంపరగా వస్తోందని నమ్మకండి, మా గురువు చెప్పాడని నమ్మకండి. ఒక పని కీడు చేస్తుందని మీకే తెలిసినప్పుడు దాన్ని వదిలెయ్యండి. సరే, ఈ గీటురాయి మీదే సుజాత కథని గీస్తాను. కొడితే కోపం తెచ్చుకోకపోవడం ఎవరికి మేలు చేసింది? కొట్టించుకున్నదానికా? చూస్తూ పెరిగిన పిల్లలకా? చెయ్యెత్తడం అలవాటైపోయిన ఆ మగవాడికా? ఎవరికీ లేదు. అయితే వదిలెయ్యడమే. వదిలెయ్యమని చెప్పింది నేను కాదు, ఆయనే.

పైగా ఆ గ్రంథాల్లోనే వేరే గొంతులూ ఉన్నాయి. థేరీగాథల్లో ముత్త అనే భిక్షుణి రోలు, రోకలి, గూని మొగుడు, ఈ మూడు వంకరల నుంచీ విడుదలయ్యానని సంతోషపడుతుంది. ఇసిదాసి తాను మొగుడికి ఎంత ఊడిగం చేసినా ఎలా గెంటేశారో చెప్పుకుంటుంది. మహాప్రజాపతి గౌతమి, బుద్ధుణ్ణి పెంచిన తల్లి, సంఘంలో చేరతామంటే ఆయన కాదన్నాడు. ఓర్చుకుని ఇంట్లో కూర్చుందా? జుట్టు తీసేసుకుని, తోటి ఆడవాళ్ళని వెంటపెట్టుకుని, కపిలవస్తు నుంచి వైశాలి దాకా నడిచి, వాచిన కాళ్ళతో గుమ్మంలో నిలబడింది. ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు. వెనక్కి మాత్రం వెళ్ళలేదు. అదీ అహింస అంటే. మన నాగార్జునకొండ దగ్గర మహాచైత్యానికి దానాలిచ్చిన శాంతిశ్రీ కూడా గుర్తొస్తుంది. ఆమె తోబుట్టువు, ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు, అశ్వమేధం చేసినవాడు. ఆయన యాగం ఆయనది, ఆమె చైత్యం ఆమెది. శాసనాల్లో పేరుతో సహా ఉంది. మన కాలంలో బుద్ధుణ్ణి ఎంచుకున్న అంబేద్కర్ 1951లో మంత్రిపదవికి రాజీనామా చెయ్యడానికి ఒక ముఖ్య కారణం, ఆడవాళ్ళకి ఆస్తీ విడాకుల హక్కులిచ్చే హిందూ కోడ్ బిల్లు ముందుకి సాగనివ్వకపోవడం. బుద్ధుడి దారి పట్టినవాళ్ళెవరూ నోరు కుట్టుకుని కూర్చోలేదు.

"అయితే ఆడవాళ్ళని తిరిగి కొట్టమంటావా?" అని అడుగుతారు. అననండీ. దెబ్బకి దెబ్బ నేర్పడం నా ఉద్దేశం కాదు. కానీ చెయ్యి పట్టుకుని ఆపడం హింస కాదు. ఇంట్లోంచి బయటికి నడవడం హింస కాదు. 181కి ఫోన్ చెయ్యడం హింస కాదు. 2005లో వచ్చిన గృహహింస చట్టం కొట్టడాన్నే కాదు, మాటలతో కుళ్ళబొడవడాన్నీ, డబ్బు ఇవ్వకుండా ఏడిపించడాన్నీ కూడా హింసే అంది. ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకి ఉందంది. ఆ చట్టాన్ని వాడుకున్నదాన్ని "సంసారం వీధిన పెట్టింది" అనేవాళ్ళు అహింస పక్షాన లేరు. కొట్టేవాడి పక్షాన ఉన్నారు. కొట్టేవాణ్ణి ఆపడం వాడికి కూడా మేలే. బుద్ధుడి మాట ప్రకారం వాడి కర్మ వాడికే చుట్టుకుంటుంది కాబట్టి.

ఇంతదాకా చదివి తల ఊపినవాళ్ళు ఇంకొంచెం ఆగండి. శాంతం కర్ర పట్టుకున్న చేతికి చెప్పాలంటున్నాను కదా, ఆ లెక్కన మన చేతుల్లోనూ కర్రలున్నాయి. పిల్లల దగ్గర, పనమ్మాయి దగ్గర మనమే పెద్ద దిక్కు. "దండం దశగుణం భవేత్", "మొక్కై వంగనిది మానై వంగునా" అంటూ అట్లకాడ ఎత్తే ఇళ్ళు ఎన్ని లేవు? బుద్ధుడు ఒకసారి శ్రావస్తి దగ్గర పిల్లలు చేపల్ని పట్టి హింసిస్తుంటే చూశాడు. అరవలేదు, చెవి మెలిపెట్టలేదు. "పిల్లలూ, మీకు నొప్పంటే భయమేనా? ఇష్టం లేదా?" అని అడిగాడు. "భయమేనండీ" అన్నారు. అయితే అలాంటి పని చెయ్యకండి అన్నాడు. కొట్టవద్దని నేర్పడానికి కొట్టలేదు, గమనించారా? సిగాలుడికి చెప్పినదాంట్లో పనివాళ్ళ సంగతీ ఉంది: శక్తికి తగ్గ పని, తిండీ జీతం, జబ్బు చేస్తే చూసుకోవడం, ఇంట్లో చేసుకున్న మంచి పదార్థం పెట్టడం, వేళకి విశ్రాంతి. సెలవు పెట్టిన రోజుకి జీతం కోసి, సింకు పక్కన విడిగా గ్లాసు పెట్టే చేత్తో మైత్రి గురించి ఫార్వర్డ్ చేస్తే ఎలా? మొగుడిదగ్గర మనకి కావాలనుకునే న్యాయం, మనకంటే కిందున్నవాళ్ళకి మన దగ్గర దొరకాలి. లేకపోతే మనది న్యాయం కాదు, వంతులవారీ పెత్తనం.

అందుకని నాదొక చిన్న కోరిక. ఇకమీదట బుద్ధుడి సూక్తి పంపించేముందు ఒక్క క్షణం ఆలోచించండి. ఇది ఎవరికి వెళ్తోంది? దెబ్బ తిన్నవాళ్ళకా, కొట్టినవాళ్ళకా? దెబ్బ తిన్నవాళ్ళకైతే సూక్తి పంపకండి. ఫోన్ చేసి "అన్నం తిన్నావా, నన్ను రమ్మంటావా" అని అడగండి. సహానుభూతి అంటే అదే. ఆ తామరపువ్వు బొమ్మ మాత్రం దాచి ఉంచండి. అల్లుడిగారి నంబరుకి పంపుదాం.